పాయింట్లా, పతకాలా, యాపా, రీల్సా: బెజవాడ, గుంటూరుల్లో వైన్ కొనేవారు ఎవరి మాట వినాలి

విజయవాడ బందరు రోడ్డులోనో గుంటూరు బ్రాడీపేటలోనో కాస్త పెద్ద షాపులో వైన్ అర ముందు నిలబడితే సిఫార్సులు నాలుగు వైపుల నుంచి వస్తాయి. ఒక సీసా మెడకు "92 పాయింట్లు" అన్న చీటీ వేలాడుతుంది. పక్కదాని మీద వెండి రంగు పతకం అంటించి ఉంటుంది. ఫోన్‌లో యాప్ తెరిస్తే మూడోదానికి 3.8 నక్షత్రాలు. నిన్న చూసిన రీల్‌లో మెచ్చుకున్నది వీటిలో ఏదీ కాదు. ఈ నాలుగూ అబద్ధాలు కావు. కానీ ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు, మన ప్రశ్న ఏమిటో ముందు తేల్చుకోకపోతే డబ్బు వృథా అవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. ఈ సలహా అంతా ఆ వయసు దాటినవారికే.

ఒక సంగతి మొదటే చెప్పాలి. విమర్శకుడు రుచి చూసిన సీసా, మన చేతిలో ఉన్న సీసా లేబుల్‌లో ఒకటే, లోపల ఒకటి కాకపోవచ్చు. ఆయన చల్లటి గదిలో, ఖాళీ నోటితో, సరిగ్గా నిలవ చేసిన సీసాను చూశాడు. మన సీసా కృష్ణా జిల్లా మే నెల ఎండను దాటి వచ్చింది, మన పక్కన ఉన్నది గోంగూర మాంసం. ఏ మాట నమ్మాలన్నా ఈ తేడాను లెక్కలో వేసుకునే నమ్మాలి.

వంద పాయింట్ల విమర్శకులు

ఈ పద్ధతిని ప్రపంచమంతా వ్యాపింపజేసినవాడు అమెరికన్ లాయరు రాబర్ట్ పార్కర్. 1978లో ఆయన "వైన్ అడ్వకేట్" అనే పత్రిక మొదలుపెట్టాడు. ప్రకటనలు తీసుకోకుండా చందాలతో నడపడం దాని బలం. ఫ్రాన్స్‌లోని పేరున్న వైన్ ప్రాంతం బోర్డో 1982 పంటను గట్టిగా మెచ్చుకోవడంతో పేరు నిలబడింది. ఆయన 2019లో తప్పుకున్నారు, పత్రిక ఇప్పుడు మిషెలిన్ సంస్థ చేతిలో ఉంది. ఆయన మాటకు ఎంత బలం ఉండేదో లెక్క కట్టినవాళ్లున్నారు. 2003 వసంతంలో పార్కర్ మామూలుగా వెళ్లే సమయానికి బోర్డో వెళ్లలేదు, అక్కడి ఎస్టేట్లు (సొంత తోటల ద్రాక్షతో వైన్ చేసేవి) ఆయన మార్కులు రాకముందే ధరలు ప్రకటించాయి. ఆ ఏడాది ధరలను మామూలు ఏడాదితో పోల్చి, పార్కర్ ప్రభావం సగటున సీసాకు 3 యూరోల దాకా ఉందని ఫ్రెంచ్ ఆర్థికవేత్తలు తేల్చారు.

వాడేటప్పుడు గుర్తుంచుకోవలసిన మొదటి సంగతి, ఈ కొలబద్ద సున్నా నుంచి మొదలవదు, 50 నుంచి మొదలవుతుంది. అమెరికన్ పత్రిక వైన్ స్పెక్టేటర్ లెక్కలో 80 నుంచి 84 "బాగుంది", 85 నుంచి 89 "చాలా బాగుంది", 90 దాటితే "విశిష్టం", 95 దాటితే "క్లాసిక్". అంటే 87 వచ్చిన వైన్ తక్కువ రకం కాదు. రోజువారీ భోజనానికి 86–89 మధ్య ఉన్నవే ధరకు తగిన సరుకు. ఇరవైకి వేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లలో బ్రిటిష్ విమర్శకురాలు జాన్సిస్ రాబిన్సన్ పేరు పెద్దది. ఆమె దగ్గర 15 సగటు, 16 మంచిది, 17 ఇంకా మేలు. ఆ 16ను అయిదుతో హెచ్చవేసి 80 పాయింట్లుగా చదివితే మంచి వైన్‌ను పక్కన పెట్టేసినట్టే.

రెండో సంగతి, అంకె ఎంత స్థిరమన్నది. గుంటూరు నుంచి ఎగుమతయ్యే మిర్చికి ల్యాబుల్లో రంగును ఆస్టా విలువల్లో, ఘాటును స్కోవిల్ యూనిట్లలో కొలుస్తారు. అదే సరుకును మళ్లీ పంపితే దాదాపు అదే అంకె వస్తుంది. వైన్ పాయింటు అలాంటి కొలత కాదు, ఒక మనిషి అభిప్రాయానికి వేసిన అంకె. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో వైన్ తయారీదారు రాబర్ట్ హాడ్జ్‌సన్ ఒకే సీసాలోని వైన్‌ను అదే న్యాయనిర్ణేతలకు, వాళ్లకు తెలియకుండా మూడుసార్లు పోయించాడు. మామూలు న్యాయనిర్ణేత మార్కులు నాలుగు పాయింట్లు అటూ ఇటూ ఊగాయి. నిలకడగా వేసినవాళ్లు పదిమందిలో ఒకరే. ఈ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. కాబట్టి 89కీ 91కీ మధ్య తేడా మన లెక్కలోకి రాదు. 90 మార్కు దాటిందని ఐదువందలు ఎక్కువ పెట్టడం అనవసరం.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. గొప్ప విమర్శకులిద్దరు ఒకే వైన్‌ను చెరో కొసకు లాగగలరు. 2003 షాటో పావీ అనే బోర్డో వైన్ విషయంలో అదే జరిగింది. పార్కర్ ఆకాశానికెత్తాడు. రాబిన్సన్ 20కి 12 వేసి, ఇది బోర్డో తీరులోనే లేదని రాశారు. ఇద్దరికీ రుచి తెలుసు, ఇష్టాలు వేరు. పార్కర్‌కు బాగా పండిన పండు, కొత్త ఓక్ పీపా వాసన, నిండైన ఆల్కహాల్ ఉన్న వైన్లు నచ్చేవని పేరు. మార్కుల కోసం ఆ తీరుకు మళ్లిన ఎస్టేట్లు చాలా. ఆ తీరుకు పేరుబడ్డ సలహాదారు మిషెల్ రోలాన్ మన పక్కనే బెంగళూరు దగ్గర నంది హిల్స్‌లోని గ్రోవర్ ఎస్టేటుకు 1990ల నుంచి సలహాలిచ్చాడు. దూరదేశపు పాయింట్లు మన అరల దాకా ఎలా ప్రవహిస్తాయో అక్కడ కనిపిస్తుంది.

ఎవరు ఈ దారి ఎంచుకోవాలి? విదేశం నుంచి వచ్చే బంధువు చేత ఖరీదైన బోర్డోనో కాలిఫోర్నియా నాపా లోయ కాబర్నే ఎర్ర వైన్‌నో తెప్పించుకునేవారు, కొన్నాళ్లు దాచుకునేవారు. వాళ్లకు విమర్శకుల మాట ఎంతో విలువైనది, ఎందుకంటే ఏ ఏడాది పంట మంచిది, ఎప్పుడు తాగాలి అన్నది వాళ్లే వివరంగా రాస్తారు. కానీ వాళ్లు "ధరకు తగ్గ సరుకు" అన్నదాన్ని మాత్రం ఇక్కడికి తెచ్చుకోవద్దు. మన దేశంలో దిగుమతి వైన్ మీద సుంకమే 150 శాతం దాకా ఉంటూ వచ్చింది. అక్కడ 12 డాలర్లకు గొప్ప బేరమైనది ఇక్కడి షాపు ధరకు బేరం కాదు.

మెడ చీటీ చూసినప్పుడు రెండు వెతకండి: ఎవరు వేశారు, ఏ వింటేజ్‌కు, అంటే ఏ ఏడాది పంటకు, వేశారు. తరచుగా జరిగే పొరపాటు ఇదే. 2015 పంటకు వచ్చిన 92ను 2021 సీసా మెడకు తగిలిస్తారు. సంవత్సరం రాయని చీటీని లెక్కలోకి తీసుకోవద్దు. "94–96" అని జంట అంకెలుంటే అది ఇంకా పీపాలో ఉన్నప్పుడు వేసిన తాత్కాలిక మార్కు.

మన భోజనం పక్కన ఆ పాయింట్లు ఎందుకు తప్పుతాయి

కారం, ఆల్కహాల్ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. 14.5 శాతం ఆల్కహాల్, గట్టి వగరు ఉన్న 95 పాయింట్ల ఎర్ర వైన్‌ను గుంటూరు కోడి వేపుడుతో తాగితే నోరు మండుతుంది, పండు రుచి మాయమవుతుంది, చేదు మిగులుతుంది. తప్పు వైన్‌ది కాదు, విమర్శకుడిదీ కాదు. ఆయన ఆ పళ్లెం చూడలేదు.

కారం ఎక్కువైనకొద్దీ మూడు కావాలి: ఆల్కహాల్ 12.5 శాతం లోపు, కాస్త తీపి, బాగా చల్లగా. ఆఫ్‌-డ్రై (కాస్త తీపి మిగిల్చిన) షెనాన్ బ్లాంక్, రీస్లింగ్ అనే తెల్ల వైన్లు ఇలా ఉంటాయి. పులుపు విషయం వేరే. గోంగూర, చింతపండు వేసిన చేపల పులుసు ముందు పులుపు తక్కువ వైన్ చప్పగా, నీళ్లలా తోస్తుంది. వైన్‌లో పులుపు కూరలో పులుపుకు సమానంగానో ఎక్కువగానో ఉండాలి, అందుకే సోవిన్యాన్ బ్లాంక్ అనే పులుపున్న తెల్ల వైన్ నిలబడుతుంది. ఎర్రదే కావాలంటే వగరు తక్కువున్నది, ఓక్ లేనిది, ముప్పావు గంట ఫ్రిజ్‌లో పెట్టినది తీసుకోండి. ఆవకాయ ముందు ఏ వైనూ నిలవదు, దానికి మజ్జిగే సరి.

అందుకని విమర్శ చదివేటప్పుడు అంకె వదిలేసి మాటలు చదవాలి. "క్రిస్ప్", "రేసీ" అంటే పులుపు బాగా ఉంది. "గ్రిప్పీ", "ఫర్మ్ టానిన్స్" అంటే పచ్చి అరటికాయలోని వగరు. "జ్యామీ", "ఒపులెంట్" అంటే బాగా పండిన పండు, దాదాపు ఎప్పుడూ ఆల్కహాల్ ఎక్కువే. "టోస్టీ", "వనిల్లా" అంటే కొత్త పీపా. మొదటి జట్టు మన వంటకు దగ్గర, చివరి రెండూ దూరం. బ్లాక్‌కరెంట్, గ్రాఫైట్ లాంటి పోలికలు దొరకలేదని బెంగపడనక్కర్లేదు. పులుపు, వగరు, తీపి, ఆల్కహాల్ తెలిస్తే ఎంపికకు చాలు.

పత్రికలు, పతకాలు

అమెరికాలో వైన్ స్పెక్టేటర్ 1976 నుంచి, ఇంగ్లండ్‌లో డికాంటర్ 1975 నుంచి వస్తున్నాయి. ఇవి వైన్ కంపెనీల ప్రకటనలు తీసుకుంటాయి. అందువల్ల మార్కులు అమ్ముడుపోతాయని అనలేం. స్పెక్టేటర్ కొత్త వైన్లను లేబుల్ కనిపించకుండా రుచి చూస్తుంది. లేబుల్ దాచితే ఏమవుతుందో 1976 మే 24న పారిస్‌లో లోకం చూసింది. అక్కడ వైన్ దుకాణం నడిపిన బ్రిటిష్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ ఏర్పాటు చేసిన ఆ పోటీలో ఫ్రెంచ్ న్యాయనిర్ణేతలే కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానాలు ఇచ్చారు: తెల్లవాటిలో 1973 షాటో మాంటెలీనా, ఎర్రవాటిలో 1973 స్టాగ్స్ లీప్. అక్కడ ఉన్న ఒకే ఒక్క పత్రికా విలేఖరి ఆ వార్త రాయకపోతే అది ఆ గదిలోనే ఉండిపోయేది.

పోటీ పతకాలు భారతీయ వైన్ కొనేవారికి ఎక్కువ ఉపయోగం. పెద్ద విమర్శకులు మన నాసిక్, హంపి, అక్లూజ్ వైన్లను అరుదుగా తాకుతారు, పోటీలకైతే కంపెనీలే పంపుతాయి. పంపడానికి రుసుము కట్టాలి. కాబట్టి పతకం లేకపోవడం వైన్ బాగాలేదనడానికి గుర్తు కాదు, పోటీకి వెళ్లకపోయి ఉండొచ్చు. 2004లో మొదలైన డికాంటర్ వరల్డ్ వైన్ అవార్డ్స్‌లో కాంస్యం 86–89, వెండి 90–94, బంగారం 95–96, ప్లాటినం 97 పైన. అక్కడి వెండి అంటే ఘనమైనదే. స్టిక్కర్ మీద పోటీ పేరు, సంవత్సరం లేకుండా ఉత్త "గోల్డ్" అనుంటే అది అలంకారం.

యాప్ నక్షత్రాలు

2010లో డెన్మార్క్‌లో పుట్టిన వివినో ఇప్పుడు చాలామంది ఫోన్లలో ఉంది. లేబుల్ ఫోటో తీస్తే అయిదుకు ఎంతో చెబుతుంది. ఉచితం, వేగం, షాపులో నిలబడి వాడొచ్చు. మన ఊళ్లలో ఎక్కువగా అమ్ముడయ్యే సులా, గ్రోవర్ జంపా, ఫ్రాటెల్లీ లాంటివాటికి అభిప్రాయం రాసినవాళ్లలో ఎక్కువమంది భారతీయులే కాబట్టి వాళ్ల పళ్లేలు, వాళ్ల వేడి మనవాటికి దగ్గర. ఈ ఒక్క కారణంతో రోజువారీ వైన్‌కు పెద్ద విమర్శకుడి కన్నా యాపే మేలని మా అభిప్రాయం.

దాన్ని చదవడంలో మెళకువలున్నాయి. అక్కడ చాలా వైన్లు మూడున్నర చుట్టూ గుమిగూడతాయి. 3.3 అంటే ఆలోచించాలి, 3.8 అంటే బాగుంది, 4 దాటితే చాలా బాగుంది. వందమంది కన్నా తక్కువ రాసిన సగటును నమ్మొద్దు. అన్ని వింటేజ్‌ల సగటు కాకుండా మన సీసా మీది సంవత్సరానికి ఎంత ఉందో నొక్కి చూడాలి. ఇంకొక లోపం ఉంది. జనం తీపికి, ఖరీదుకు నక్షత్రాలు ఎక్కువ వేస్తారు. పదునైన పులుపున్న తెల్ల వైన్లకు తక్కువ పడతాయి, గోంగూర పక్కన పనికొచ్చేవి అవే. అందుకే సగటు చూసి ఆగకుండా, దాని కింద గత ఆరు నెలల్లో రాసిన పది అభిప్రాయాలు చదవండి. వాటిలో "వెనిగర్", "ఉడికిన వాసన", "చప్పగా" అన్న ఫిర్యాదులు పదేపదే కనిపిస్తే సరుకు రవాణాలోనో నిలవలోనో పాడైందని అర్థం. ఏ పత్రికా ఇవ్వలేని సమాచారం ఇది.

బ్లాగర్లు, రీల్స్

అమెరికన్ వైన్ వ్యాపారి గారీ వేనర్‌చక్ 2006 నుంచి 2011 దాకా నడిపిన వీడియోలు వైన్ గురించి మామూలు మనిషి మామూలు మాటల్లో మాట్లాడొచ్చని చూపించాయి. ఆ మేలు నిజమైనది. కొత్తవారికి సీసా తెరవడం, గ్లాసు పట్టుకోవడం, ఏ రకం ఎలా ఉంటుందో తెలుసుకోవడం వీడియోల్లో నేర్చుకున్నంత తేలిగ్గా పత్రికల్లో రాదు.

ఏ సీసా కొనాలన్న ప్రశ్నకు మాత్రం జాగ్రత్త. మన దేశంలో మద్యానికి టీవీలో నేరుగా ప్రకటనలివ్వడానికి వీల్లేదు, ఆ డబ్బు వేరే దారులు వెతుకుతుంది. డబ్బు తీసుకుని చెప్పే ప్రతి పోస్టు మీదా ఆ సంగతి కనపడేలా రాయాలని ప్రకటనల రంగపు స్వీయ నియంత్రణ సంస్థ ఏఎస్‌సీఐ 2021లో నియమం పెట్టింది. "పెయిడ్ పార్ట్‌నర్‌షిప్", "యాడ్" అన్న ముద్ర ఉంటే దాన్ని ప్రకటనగానే చూడండి. ముద్ర లేనప్పుడు పరీక్ష ఇది: ఆ మనిషి ఈ ఏడాదిలో ఒక్క వైన్‌నైనా బాగాలేదన్నాడా? ధర, వింటేజ్ చెప్పాడా? తాగినప్పుడు ఏం తిన్నాడో చెప్పాడా? మూడింటికీ లేదంటే వినోదంగా చూసి వదిలేయండి.

భారతీయ వైన్ల గురించి చదవాలంటే మన దేశంలో మొదటి మాస్టర్ ఆఫ్ వైన్ (వైన్ రంగంలో అత్యున్నత అర్హత) అయిన సోనాల్ హాలండ్ మాటలు, సుభాష్ అరోరా రాతలు, సొమెలియర్ ఇండియా పత్రిక మంచి ఆధారాలు. ఇక్కడి పంటను ఏటా దగ్గరగా గమనించేవాళ్ల మాట, దూరం నుంచి వేసిన అంకె కన్నా మనకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఎర్ర వైన్ గుండెకు మందు అని చెప్పే వీడియో ఏదైనా సరే పక్కన పెట్టాలి. 1991లో ఒక అమెరికన్ టీవీ కార్యక్రమం ఆ మాట ఎత్తుకున్నాక అక్కడ ఎర్ర వైన్ అమ్మకాలు ఎగబాకాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది: ఇంతవరకు తాగితే క్షేమం అనే పరిమాణమేదీ లేదు. ఇష్టమై తాగేవారు తక్కువగా తాగాలి, ఆరోగ్యం కోసమని మొదలుపెట్టకూడదు.

ఎండ: ఎవరూ మార్కు వేయని అంశం

వైన్‌ను 12 నుంచి 15 డిగ్రీల మధ్య, వెలుతురు లేకుండా ఉంచాలి. విజయవాడ వేసవిలో 42 డిగ్రీలు మామూలు. ఏసీ లేని గోదాములో కొన్ని వారాలు గడిపిన 93 పాయింట్ల సీసా కన్నా, గత నెల వచ్చిన 86 పాయింట్ల సీసా ప్రతిసారీ బాగుంటుంది. వేడికి వైన్ వ్యాకోచించి కార్క్‌ను పైకి నెడుతుంది, కార్క్ పక్కల నుంచి గాలి లోపలికి పోతుంది, తాజా పండు రుచి పోయి ఉడికిన రేగుపళ్ల వాసన వస్తుంది. మరచుట్టు మూత కార్క్ సమస్యను తప్పిస్తుంది కానీ వేడిని ఆపలేదు.

కొనేముందు సీసా చేతిలోకి తీసుకోండి. మూత మీది రేకును వేళ్లతో తిప్పి చూడండి. అతుక్కుపోయి జిగటగా ఉంటే కారింది. కార్క్ అంచు సీసా మూతికన్నా పైకి ఉబ్బి ఉంటే వద్దు. తెల్ల వైన్‌ను వెలుతురుకు పట్టి చూడండి, లేత గడ్డిరంగుండాలి. ముదురు తేనెరంగు వస్తే, తీపి డెజర్ట్ వైన్ కాని పక్షంలో వదిలేయండి. కిటికీ పక్కన, ట్యూబ్‌లైట్ కింద పై అరలో ఉన్నదాన్ని కాకుండా కింద అరలోనిదో పెట్టెలోనిదో అడగండి. మన దేశంలో ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా. తెల్లవి, రోజేలు (గులాబీ రంగు వైన్లు) రెండేళ్లలోపువే తీసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య కొనడం అన్నివిధాలా మేలు. వేసవిలో కొంటే కారు డిక్కీలో పెట్టి వేరే పనులకు తిరగొద్దు.

మీ నాలుకకు సరిపడే విమర్శకుణ్ని వెతకడం

ఒక సాయంత్రం ఆరుగురు కలిస్తే చాలు. వేర్వేరు రకాల సీసాలు మూడు. తలా 60 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే ఒక్కో సీసాలో సగం పైనే మిగులుతుంది, అది భోజనంతో. సీసాలకు పేపరు చుట్టి 1, 2, 3 అని రాయండి. ఈ చుట్టడం తప్పనిసరి. 2001లో బోర్డోలో పరిశోధకుడు ఫ్రెడరిక్ బ్రోషే తెల్ల వైన్‌లో రుచిలేని ఎర్ర రంగు కలిపి 54 మంది వైన్ విద్యార్థులకు ఇస్తే, వాళ్లు దాన్ని ఎర్ర వైన్ మాటలతోనే వర్ణించారు. రంగే అంత మోసం చేస్తే ధర, లేబుల్ ఇంకెంత చేస్తాయో.

తెల్లవి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, తీసిన పది నిమిషాలకు పోయండి. ఎర్రవి కనీసం ముప్పావు గంట ఉంచండి, 16–18 డిగ్రీలుంటే మేలు. మన గది వేడిలో ఎర్ర వైన్ పోస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప ఏమీ తెలియదు. తేలికదానితో మొదలుపెట్టి బరువైనదానికి వెళ్లండి. మధ్యలో మంచినీళ్లు, ఉప్పులేని మరమరాలు. ఆ గదిలో అగరుబత్తి, సెంటు, వంట తాలింపు వాసన ఉండకూడదు. రుచి చూశాక ఒక కూర ముద్దతో మళ్లీ చూడండి. పులుపు, వగరు, తీపి, కారంతో ఎలా ఉంది అని నాలుగు ముక్కలు రాసుకోండి. పేపర్లు విప్పాకే యాప్‌లో, పత్రికలో ఆ వైన్ల గురించి ఏం రాశారో చదవండి. మీరు రాసుకున్నదానికి ఎవరి మాటలు దగ్గరగా ఉన్నాయో వాళ్లే మీకు పనికొచ్చే విమర్శకులు. ఎప్పుడూ మీకు విరుద్ధంగా చెప్పేవాడూ అంతే ఉపయోగం, ఆయన మెచ్చినది మీరు వదిలేయొచ్చు.

ఇక ఎంపిక

మొదటిసారి కొంటున్నవారు యాప్ చూసి, వందమందికి పైగా రాసిన భారతీయ ఆఫ్‌-డ్రై తెల్ల వైన్ తీసుకోవాలి. నెలకో సీసా కొనేవారు ఇద్దరు భారతీయ రచయితలను అనుసరిస్తూ పతకాలను సాయంగా పెట్టుకోవాలి. పెద్దవారికి కానుక ఇవ్వాలంటే పాయింట్లు నిజంగా పనికొస్తాయి, ఎందుకంటే పుచ్చుకునేవారు ఆ పేరు వెతికి చూస్తారు. వింటేజ్‌తో సరిపోలిన 90 పైన మార్కు, పేరున్న పత్రిక, మచ్చలేని లేబుల్ చూడండి. హైదరాబాద్ నుంచి తెద్దామనుకుంటే వేరే రాష్ట్రం మద్యం మీద ఎక్సైజ్ నిబంధనలు ముందే కనుక్కోవాలి.

పెళ్లిరోజు విందు లాంటిదైతే లెక్క వేరు. ముప్పైమంది వస్తే సగంమంది తాగుతారనుకుని, తలా రెండు గ్లాసులు, గ్లాసుకు 150 మిల్లీలీటర్లు వేసుకుంటే 750 మిల్లీలీటర్ల సీసాలు ఆరు కావాలి. ఇక్కడ ఏ విమర్శకుడి మాటా సరిపోదు. వారం ముందు ఒక్క సీసా కొని, విందులో వడ్డించబోయే కూరతోనే రుచి చూడండి. బాగుంటే మర్నాడే అదే షాపుకు వెళ్లి విందుకు కావలసిన ఆరూ అదే వింటేజ్, అదే బ్యాచ్ నంబరుతో పెట్టెలోంచి తీయించుకోండి, విందు రోజు దాకా ఫ్రిజ్ కింది అరలో పడుకోబెట్టండి.